ఎవ్వరు లేపని పొద్దు

చిన్నప్పుడు నీకేం కావాలని ఉండె అని అడిగితే నా ఈడు ఆడోళ్లు ఒకామె పట్టులంగ అంటది, ఒకామె వెండి పట్టగొలుసులు అంటది. ఒకామె రైలెక్కాలని ఉండె అన్నది. నాకైతే నిద్ర కావాలని ఉండె. నిండ నిద్ర. ఎవ్వరు లేపకుండ, నా కండ్లు వాటంతటవే తెరుసుకునేదాంక పండుకునుడు. ఈ మాట చెప్తే అందరు నవ్వుతరు. ఆ తర్వాత ఎవరో ఒకరు "నిజమేనే" అంటరు.

బాన్సువాడల మా ఇల్లు ఊరి కొసకు, కాలువ దిక్కు ఉండె. నేను పుట్టేటప్పటికి ఆ కాలువ ఇంక తవ్వుతుండిరట. నాకు బుద్ధి తెలిసేటప్పటికి నీళ్లు పారుతున్నయి. అంతకుముందు మా చేన్లల్ల జొన్న, పెసర, కొంచెం పత్తి. నీళ్లొచ్చినంక వరి వచ్చింది, చెరుకు వచ్చింది. మా నాయిన పొద్దుగూకితే గట్టు మీద కూసొని నీళ్లను చూసుకుంట ఉండేటోడు, పెండ్లిల పిల్లను చూసినట్టు. సంబరమే. గాని నీళ్లెంట పని గూడ వచ్చింది. జొన్న వేసి మొగులు దిక్కు చూసుకుంట కూసుంటె సరిపోతుండె. వరి అట్ల కాదు, చంటిపిల్ల లెక్క. నారు, నాటు, కలుపు, కోత, కుప్ప, అది ఒడిసేసరికి మళ్ల నారు. ఒక్క పంట ఉన్నకాడ రెండు పంటలైనయి. ఇంట్ల మనుషులం మాత్రం అప్పుడెంతమందిమో ఇప్పుడంతే.

మనుషులమంటె నాయినమ్మ, నాయిన, అవ్వ, నేను, పాకే తమ్ముడు. మా దిక్కు తల్లినే అవ్వ అంటం. ఇంటి పెత్తనం నాయినమ్మది. మాకు కోడి కూసే అవసరం లేకుండె. కోడికంటె ముందు ఆమె లేస్తది. వచ్చి నా కాళ్లకాడ నిలబడి, వంగకుండ, కాలి బొటనవేలుతోని నా అరికాలు గీకుతది.

"లే. పొద్దెక్కింది."

పొద్దు యాడ ఎక్కింది? చుక్కలు ఉన్నయి ఇంక. నేను బొంతను మొఖం మీదికి గుంజుకునేదాన్ని. ఆమె కాలితోనే బొంతను ఇవతలికి గుంజేది. ఆ గుంజుడుకు చల్లగాలి మీద పడ్డప్పుడు కలిగే బాధ ఉన్నది చూడు, దానంత బాధ నేను తర్వాత పురిటి నొప్పులల్ల గూడ పడలె అనిపిస్తది. అవి ఎట్లన్న ఒకనాటితో అయిపోతయి.

లేచి కొట్టంల పెండ ఎత్తాలె. వాకిలి ఊడ్చి సాన్పి చల్లాలె. ఆ చల్లుడుల పెండనీళ్లు నా కాళ్లమీదనే ఎక్కువ పడేటివి. ఆ తర్వాత ఇసుర్రాయి. అవ్వ ఒక దిక్కు, నేనొక దిక్కు కూసొని ఒకటే కట్టెను పట్టుకొని జొన్నలు ఇసిరేటోళ్లం. నా కండ్లు మూతలు పడేటివి. చెయ్యి మాత్రం అవ్వ చేతితోని తిరుగుకుంట ఉండేది. నన్ను మేలుకొలపాలని అవ్వ పాట అందుకునేది. ఆమె గొంతు మెత్తటిది. పాటతోని ఇంకింత నిద్రొచ్చేది. నిద్రల తల వాలి రాయికి తగిలి నుదురు బొప్పి కట్టిన రోజులున్నయి.

ఆ వయసుల నా ఇష్టాయిష్టాలన్ని నిద్రతోనే ముడిపడి ఉండె. నాకు వేడి బువ్వ అంటె పడకపోయేది. కొత్త వరి బువ్వ ఆవిర్లు కక్కుకుంట ముంగట పెడితె ఊరోళ్లంత పండుగ అనుకునేటోళ్లు. నాకు భయమయ్యేది. వేడి బువ్వ తింటె కండ్లు బరువైతయి, పనేమో మిగిలే ఉంటది. అందుకే పొద్దటి జొన్నరొట్టె, చల్లారి అట్టముక్క లెక్క అయింది, మామిడి తొక్కుతోని నములుకుంట కూసునేదాన్ని. నమిలేటోళ్లకు నిద్ర రాదు. "పిచ్చిపొల్ల, బువ్వ ఇడిసిపెట్టి రొట్టె తింటది" అని నాయినమ్మ అందరికి చెప్పుకునేది. వానాకాలమంటె ఇష్టం, వానల పెండ ఎత్తుడు కొంచెం ఆలస్యమైతది. ఎండాకాలం అంటె కోపం, జల్ది తెల్లారుతది. చుట్టాలు వస్తె ఇష్టం లేదు, నా బొంత వాళ్లకు పోతది. ఎవరన్న సచ్చిపోతె మాత్రం, చెప్పకూడదు గాని, పెద్దోళ్లంత అటు పోతరు, నేను తమ్మున్ని ఒళ్లె ఏసుకొని గోడకు ఆనుకొని ఒక కునుకు తీసేదాన్ని.

ఒక ఏడు ఊర్ల చలిజ్వరం మొదలైంది. కాలువ నీళ్లు నిలిచినకాడల్ల దోమలు పుట్టినయి. రెండిండ్లకొకలు గొంగళ్లు కప్పుకొని వణుకుతుండ్రు. మా పక్కింటి పొల్ల జ్వరమొచ్చి మంచం మీద పండుకున్నది. వాళ్లవ్వ దాని నోట్లె గంజి పోస్తుంటె నేను దర్వాజల నిలబడి చూసిన. పట్టపగలు. మంచం మీద. ఎవ్వరు లేపుతలేరు. ఆ పొద్దు నేను ఇంటికొచ్చి దేవుని గూడు ముంగట నిలబడి, నాకు గూడ జ్వరం రావాలె, జల్ది రావాలె అని మొక్కుకున్న.

దేవుడు విన్నడు. జ్వరం వచ్చింది. మంచం గూడ దొరికింది. ఒక్కటే దొరకలె, నిద్ర. పండ్లు టకటకలాడుతుంటె ఏం పండుకుంటం? ఉన్న బొంతలన్ని కప్పి, పైన నాయిన గొంగడి కప్పి, దానిమీద అవ్వ పండుకొని ఒత్తిపట్టినా మంచం నాతోని పాటు ఎగురుతుండె. చలి పోతె ఒళ్లంత నిప్పు. నిప్పు పోతె చెమట. మధ్యల దవాఖానకెళ్లి తెచ్చిన కొయినా మందు. ఆ చేదు నాలుక మీదికెళ్లి పోదు, కలలల్లకు గూడ వస్తది. తగ్గినంక కాళ్లు పీకుడే పీకుడు. నెల తిరగకముందే నాయినమ్మ బొటనవేలు మళ్ల నా అరికాలుకాడికి వచ్చింది.

అట్లాంటి రోజులల్లనే గుంటూరక్క వచ్చింది.

ఆమెది గుంటూరు కాదట, ఇంకేదో ఊరట. అటు సముద్రం దిక్కుకెళ్లి వచ్చి కాలువ కింద భూములు కొన్నోళ్లందరు మాకు గుంటూరోళ్లే. కాలువకు అవతలి గట్టున ఒక పాక వేసుకొని ఆమె, ఆమె పెనిమిటి ఉండేటోళ్లు. ఇక్కడ కుదురుకున్నంక తెచ్చుకుందామని పిల్లల్ని అమ్మగారింట్ల ఇడిసి వచ్చింది. అందుకేనేమో నేను బిందె పట్టుకొని నీళ్లకు పోతె చాలు, "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచి ఏదో ఒకటి చేతుల పెట్టేది. మాటమాటకు 'అండి' అనేది. మా బర్రెను గూడ 'మీ గేదెగారు' అంటదేమో అని మేము నవ్వుకునేటోళ్లం.

ఒకనాడు నిప్పు కావాలని పిలిస్తె, పిడక మీద నిప్పు పెట్టుకొని వాళ్ల పాకలకు పోయిన. లోపల ఒక పెద్ద కట్టెమంచం. దాని నాలుగు మూలల నాలుగు కర్రలు. ఆ కర్రలకు తెల్లటి పల్చటి గుడ్డ కట్టి నాలుగు దిక్కుల కిందికి ఇడిసిండ్రు. ఇంట్ల ఇంకో ఇల్లు ఉన్నట్టు ఉన్నది. లోపలి పరుపు మసకమసకగ కనిపిస్తున్నది. నా చేతుల నిప్పు ఉన్న సంగతి మరిచిపోయిన.

"గిదేందక్క? మంచానికి ఇల్లు కట్టిన్రా?"

ఆమె నవ్వింది. "దోమతెరమ్మా. దోమలు లోపలికి రాకుండా."

"లోపల ఎవలు పంటరు?"

"పంటా? ఏం పంటమ్మా? పొలంలో వరి వేశాం కదా!"

"వరి గాదక్క. లోపల. ఎవలు పంటరు?"

ఆమెకు అర్థంకాలె. నేను కండ్లు మూసి, చెంపకు చెయ్యి ఆనిచ్చి, గురకపెట్టి చూపిచ్చిన. ఆమె పొట్ట పట్టుకొని నవ్వింది. "పడుకోవడమా! నీ భాష బంగారం గాను! నేను, మీ అన్నయ్య పడుకుంటాం. మరెవరు?"

ఆ దినంకెళ్లి నాకు ఆ తెర తప్ప వేరే ధ్యాస లేదు. దోమల ఫికర్ నాకు లేకుండె. నాకు నచ్చింది ఒక్కటే. దాంట్ల పండుకున్న మనిషి దగ్గరికి రావాలంటె ముందు తెర ఎత్తాలె. బయట నిలబడి బొటనవేలుతోని గీకరాదు.

నాట్ల కాలం వచ్చింది. అవ్వ నాయినతోని, కూలోళ్లతోని పొలానికి పోయేది, పొద్దుగూకినంకనే వచ్చేది. ఇంట్ల నాయినమ్మ, తమ్ముడు, నేను. ఒకనాడు పగటి బువ్వలైనంక నాయినమ్మ నన్ను కాలువకు నీళ్లకు తోలింది. నేను బిందెను గట్టు మెట్ల మీద పెట్టి, మొఖం మీద నీళ్లు కొట్టుకున్న. తలెత్తి చూస్తె అవతలి గట్టున గుంటూరక్క సద్ది గంప సర్దుకుంటున్నది. చిన్న చెక్క వంతెన దాటుకుంట ఆమెకాడికి ఉరికిన.

"అక్క, ఒక్కసారి దాంట్ల పండుకుంట."

"దేంట్లో? ఓ, తెరలోనా!" ఆమె నా మొఖం దిక్కు చూసింది. ఏం కనిపించిందో నాకు తెల్వదు. "పడుకో తల్లీ. కాళ్లు మాత్రం కడుక్కో. నేను పొలంలో మీ అన్నయ్యకు అన్నం ఇచ్చేసి వస్తాను."

కాళ్లు కడుక్కున్న. ఆమె తెర ఎత్తి పట్టుకున్నది, నేను లోపలికి దూరిన. ఆమె తెర అంచులను పరుపు కింద దోపింది. బయట ఉన్నదంత ఒక్కసారి దూరం జరిగింది. కాలువ చప్పుడు గూడ గుడ్డల చుట్టినట్టు మెత్తగైంది. మేకలు దూరకుండ ఆమె బయటకెళ్లి గొళ్లెం పెట్టిన చప్పుడు నాకు యాదికున్నది. ఆ తర్వాత ఏం యాదికి లేదు.

తర్వాత జరిగిందంత నాకు వేరేటోళ్లు చెప్పిందే. ఒక్కొక్కలు ఒక్కో తీరుగ చెప్పిండ్రు గాని అసలు సంగతి ఇది.

గుంటూరక్క అన్నం ఇచ్చి వస్తననుకున్నది గాని పొలంల కూలోళ్లు తక్కువపడ్డరు. ఆమె గూడ చీర ఎగజెక్కి మడిల దిగింది. పొద్దు వాలింది. ఇక్కడ నాయినమ్మ నా కోసం చూసి చూసి, తిట్టి తిట్టి, చివరికి తమ్మున్ని చంకన ఎత్తుకొని కాలువకాడికి వచ్చింది. మెట్ల మీద బిందె ఉన్నది. నేను లేను.

కాలువ వచ్చినకాడికెళ్లి మా దిక్కు తల్లుల గుండెలల్ల ఒక భయం ఉండేది. జొన్న చేన్ల కాలంల పిల్లలు యాడ తప్పిపోయినా పొద్దుగూకితె ఇంటికి వస్తరు. నీళ్లు అట్ల కాదు. నాయినమ్మ ఆ బిందెను చూసి అక్కడనే కూలబడి ఏడుపు అందుకున్నది. ఊరు ఊరంత గట్టు మీదికి వచ్చింది. పొలం కాడికెళ్లి నాయిన ఉరికొచ్చి అట్లనే నీళ్లల్ల దిగిండు. నలుగురైదుగురు మొగోళ్లు తూము దాంక వెతుక్కుంట పోయిండ్రు. అవ్వ బిందెను ఒళ్లె పెట్టుకొని మెట్ల మీద కూసున్నదట. ఏడ్వలేదట.

అప్పుడు గుంటూరక్క మోకాళ్ల దాంక బురదతోని వచ్చి, గుంపును చూసి, "ఏమైందండీ?" అని అడిగింది. పిల్ల కాలువల పడ్డది అన్నరు. ఏ పిల్ల? ఫలానా పిల్ల. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకొని, "అయ్యో, మా ఇంట్లో నిద్రపోతోందండీ! మధ్యాహ్నం నుంచీ!" అని కేక పెట్టింది.

గుంపంత పాక మీదికి మళ్లింది. ముందు నాయినమ్మ. ఆమె ఏడుపు ఆగిపోయి కోపం వచ్చేసింది. దారిల ఒక కంపకర్ర గూడ విరిచి పట్టుకున్నది. గొళ్లెం తీసిండ్రు. దీపం తెచ్చిండ్రు. తెర లోపల నేను నోరు తెరుసుకొని, ఒక కాలు బయటి దిక్కు చాపి, లోకం మీద ఏ ఫికర్ లేకుండ పండుకొని ఉన్న.

"లేపుండ్రి దాన్ని! ఈపు చీరుత!" అని నాయినమ్మ తెర మీద చెయ్యి వేసింది.

అవ్వ ఎప్పుడొచ్చిందో, మంచానికి, నాయినమ్మకు నడుమ నిలబడ్డది.

"లేపకు అత్తా."

నాయినమ్మకు మొదలు ఇనబడలేదో, ఇనబడ్డది నమ్మలేదో. "ఏందే?" అన్నది.

"ఇయ్యాల దాన్ని ఎవ్వలు లేపొద్దు. పండనియ్యి."

మా అవ్వ ఆ ఇంటికి వచ్చినకాడికెళ్లి అత్తకు ఎదురు చెప్పింది లేదు. తలెత్తి పూర్తిగ మొఖం చూసింది గూడ తక్కువే. నాయినమ్మ, "ఎవలితోని మాట్లాడుతున్నవో ఎరికేనా? నా ఇంట్ల నా మాట మీద..." అని అందుకున్నది.

"ఇది మా ఇల్లండీ, పెద్దమ్మగారూ" అన్నది గుంటూరక్క నెమ్మదిగ. "పిల్లను పొద్దున్నే నేనే తీసుకొచ్చి అప్పజెబుతాను. మీరు కంగారుపడకండి."

నాయినమ్మ కొడుకు దిక్కు చూసింది. మా నాయిన నడుము దాంక తడిసి, వణుకుకుంట దర్వాజల నిలబడి ఉన్నడు. "ఉండనియ్యవ్వా" అన్నడు తల్లితోని. "బతికి ఉన్నది గద. పండనియ్యి." అని తమ్మున్ని ఎత్తుకొని, తల్లిని చెయ్యి పట్టి తోలుకొని పోయిండు.

అవ్వ పోలె. కొంచెంసేపు నాకాడ కూసొని వస్త అన్నదట.

నాకు మెలకువ వచ్చింది. ఎవ్వరు లేపలె. కండ్లు వాటంతటవే తెరుసుకున్నయి. తెర అంత పసుపుపచ్చగ వెలుగుతున్నది. పొద్దు మస్తు పైకొచ్చింది. పాక సందులల్లకెళ్లి ఎండ కారుతున్నది. నా ఒళ్లు నాది కానట్టు తేలికగ ఉన్నది. ఇగ పక్కకు ఒత్తిగిలి చూస్తె, నా పక్కన మనిషి ఉన్నది. అవ్వ.

నేను మా అవ్వ పండుకున్నది అప్పటిదాంక చూడలె. నేను పండుకునేటప్పుడు ఆమె పనిల ఉండేది, నేను లేచేటప్పుడు పనిల ఉండేది. ఆమెకు నిద్ర అవసరం లేదనే అనుకునేదాన్ని. ఇప్పుడు నా పక్కన, నాటు బురద కాళ్లకు ఎండి పగిలి, కొప్పు ఊడిపోయి, నోరు కొంచెం తెరిచి పండుకొని ఉన్నది. మొఖం చిన్నగైంది. నా ఈడు పొల్ల లెక్క ఉన్నది. ఒక ఈగ తెర మీద అటు ఇటు నడుస్తున్నది, లోపలికి రాలేక. నేను కదలకుండ, ఊపిరి గూడ మెల్లగ తీసుకుంట, ఆమెనే చూసుకుంట ఉన్న. ఎవరన్న వచ్చి లేపుతరేమో అని భయమైంది. నా కోసం కాదు.

గుంటూరక్క బయట పొయ్యికాడ కూసొని, గిన్నె చప్పుడు గూడ కాకుండ కలుపుతున్నది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టింది.

మా ఇంటికాడ ఆ పొద్దు వేరే కథ నడిచిందట. నాయిన బర్రెను పిండబోతె అది అవ్వ చెయ్యి కాదని కనిపెట్టి పాల గురిగిని తన్నింది, నాయినను గూడ తన్నింది. వాకిలి ఊడ్వలె, సాన్పి చల్లలె. పొద్దెక్కినా మా వాకిలి తెల్లగ ఎండి ఉండుడు చూసి, ఇంట్ల పీనుగు లేచిందనుకొని ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు కొంగు నోట్లె కుక్కుకొని పలకరియ్యడానికి వచ్చిండ్రట. నాయినమ్మ వాళ్లను తిట్టి తోలింది. అవ్వ, నేను చెయ్యి చెయ్యి పట్టుకొని ఇంటికి చేరేసరికి పగటి బువ్వల యాల్ల అయితున్నది. నాయినమ్మ మమ్ముల చూసి మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

కర్ర తీస్తదనుకున్న. తీయలె. ఒక్కటే మాట అన్నది, గోడతోనే. "ఇగ నీ బిడ్డను నువ్వే లేపుకో. నాకేం సంబంధం లేదు."

ఆ మాట నా చెవులల్ల పాలు పోసినట్టు అయింది. తెల్లారి నుంచి నన్ను లేపేది అవ్వ. ఆమె బొటనవేలుతోని లేపది. పక్కన కూసొని జుట్టు సవరిస్తది. అప్పటికి ఆకాశం తెల్లబడి ఉంటది. పెండ ఎత్తి ఉంటది, వాకిలి తడిసి ఉంటది. నాకు ఇసుర్రాయికాడ కొంచెం పని మాత్రం మిగిలి ఉంటది. నా జాతకం మారిందనుకున్న. పని యాడికి పోయిందని నేను అడగలె. ఆ వయసుల అడిగే తెలివి ఉండదు.

చలికాలంల ఒకనాడు ఎందుకో ముందుగల్ల మెలకువ వచ్చింది. ఇసుర్రాయి చప్పుడు వస్తున్నది. లేచిపోయి చూసిన. అవ్వ ఒక్కతే, ఇద్దరి కట్టెను రెండు చేతుల పట్టుకొని ఇసురుతున్నది. కండ్లు మూసుకొని ఉన్నయి. పాట లేదు. తల మెల్లమెల్లగ ముందుకు వాలుతున్నది, రాయికి తగలకముందే ఉలిక్కిపడి లేస్తున్నది. నేను పోయి ఎదురుంగ కూసొని కట్టె పట్టుకున్న. ఆమె కండ్లు తెరిచి, "ఇంక తెల్లారలె, పో, పండు" అన్నది. "నిద్ర వస్తలేదు" అన్న. ఇద్దరికి ఎరికే అది అబద్ధమని. ఆనాటికెళ్లి నన్ను ఎవ్వరు లేపే పని లేకపోయింది.

నాట్లు అయిపోయి తీరిక దొరికినప్పుడు అవ్వ అప్పుడప్పుడు పగటియాల్ల కాలువ దాటి పోయేది. గుంటూరక్క 'రండి వదినగారూ' అంటె సిగ్గుపడి నవ్వేది. ఇద్దరికి ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. మాట్లాడుకున్నది గూడ తక్కువే. గుంటూరక్క బియ్యంల రాళ్లు ఏరుకుంట కూసునేది, అవ్వ మంచం మీద ఒరిగేది. అవ్వ బిచ్కుందల తన తల్లిగారింటికి పోయి ఏండ్లయింది. ఆ పాకనే ఆమెకు తల్లిగారిల్లు అయింది కొన్నాళ్లు. నాయినమ్మకు అది ఎరికే. వద్దనలె.

కొన్నాళ్లే. గుంటూరక్క పెనిమిటికి చలిజ్వరం పట్టుకున్నది. తెర ఇంట్ల ఉంటది, ఆయన రాత్రులల్ల నీళ్లు మళ్లించుకుంట మడికట్ల మీద ఉంటడు. జ్వరం తగ్గుడు, తిరగబెట్టుడు. మనిషి పుల్ల అయిండు. చివరికి నీళ్లు నిలవని ఎత్తు భూములని పిట్లం దిక్కు పొలం మార్చుకున్నరు. వాళ్ల బండి కదిలేనాడు అవ్వ గట్టు మీదికి పోలె. కొట్టంల పని ఉన్నదన్నది. ఆ పని పొద్దంత సాగింది.

మరుసటేడు జ్వరం నాయినమ్మను పట్టింది. ముసలి ఒళ్లు, తట్టుకోలె. అవ్వ ఆమెను ఇడిసి కదల్లె. నేను పక్కన కూసొని తడిగుడ్డ మారుస్తుంటి. ఒకనాడు పట్టపగలు, జ్వరం మస్తు మీదున్నప్పుడు, నాయినమ్మ దిగ్గున లేచి కూసున్నది. కండ్లు తెరిచే ఉన్నయి గాని మమ్ముల చూస్తలేవు.

"లేస్తున్న, లేస్తున్న అత్తా" అన్నది. గొంతు ఆమెది కాదు. చిన్నపిల్ల గొంతు. "కొట్టకు అత్తా. లేచిన. ఇగో, లేచిన."

మంచం దిగబోయింది. ఇసుర్రాయి యాడున్నదని చేతులతోని గాలిల దేవులాడింది. నేను భయపడి అవ్వ దిక్కు చూసిన. అవ్వ మంచం మీద కూసొని, అత్త భుజాలు పట్టుకొని మెల్లగ ఒరగబెట్టింది.

"ఇంక తెల్లారలె. పండుకో" అన్నది.

"తెల్లారలేదా?"

"లేదు. మస్తు రాత్రున్నది. పండుకో."

నాయినమ్మ నమ్మింది. ఒక పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు కడుపుల ముడుసుకొని, చేతులు తొడల నడుమ పెట్టుకొని పండుకున్నది. బయట ఎండ దంచికొడుతున్నది. అవ్వ లేచి దర్వాజ దగ్గరికి వేసి వచ్చింది.

నాయినమ్మ బతికింది. దవాఖాన కంపౌండరు కొయినా మందు గట్టిగ పట్టిచ్చిండు. ఆ మందుతోని ఆమెకు చెవులు గుయ్యిమనుడు మొదలైంది. కొన్నాళ్లకు తగ్గుతదని కంపౌండరు చెప్పిండు. మాకు ఇనొచ్చినంతవరకైతే అందరికి తగ్గింది. నాయినమ్మకు మాత్రం తగ్గలె. "నాకేం ఇనబడ్తలేదు, కోడి కూసింది గూడ ఇనబడ్తలేదు" అని మొదలుపెట్టింది. కోడి ఇనబడకపోతె ఎట్ల లేస్తది పాపం? పొద్దు వాకిట్లకు వచ్చేదాంక పండుకొనుడు పట్టుకున్నది. లేచి, "అయ్యో, తెల్లారిందా! ఒక్కలు గూడ లేపకపోతిరి" అని మా మీదనే కోప్పడేది.

నాకు అనుమానమే. వంటింట్ల నేను అవ్వతోని గుసగుసగ బెల్లం అడిగితె, అవతలి అర్రల ఉన్న నాయినమ్మ "నాకు గూడ ఇంత ముక్క తే" అనేది. చుట్టాలు ఆమె గురించి ఏమన్న అంటె, ఆ దినం వాళ్లకు బువ్వ పెట్టేటప్పుడు కూర తక్కువ పడేది. ఒకసారి నేను ఆగలేక అవ్వతోని అన్న. "నాయినమ్మకు అన్ని ఇనబడ్తయే. కావాలంటె రేపు తెల్లారగట్ల పక్కన గిన్నె ఇసిరేసి చూద్దాం."

అవ్వ పొయ్యిల కట్టె సర్దుకుంట ఉన్నది. నా దిక్కు తిరగలె. "గిన్నెలు సొట్టపోతయి" అన్నది.

అంతే. నాయినమ్మ ఇంక ఏడెనిమిదేండ్లు బతికింది. నా పెండ్లిల గూడ చెవిటిదిగనే తిరిగింది. ఆమెకు ఇనబడ్తదో లేదో, మా అవ్వ ఒక్కనాడు గూడ పరీక్ష పెట్టలె.